మార్తమ్మ బతికుండగా మూడు పాటలు

ఆ రోజు పొద్దున ఆనందరావు ఇంటి కిటికీలన్నీ తెరిచి పియానో ముందు కూర్చున్నాడు. కాజీపేటలో వాళ్ల చర్చికి పియానో వాయించే మనిషి లేడు. మూడు పాటలు తప్పు లేకుండా వాయిస్తే ఆదివారం నుంచి ఆ కుర్చీ నీదేనని పాస్టరు చెప్పాడు. రైల్వే ఉద్యోగం అయిపోయాక ఆనందరావును ఎవరూ ఏ కుర్చీలోనూ కూర్చోమనలేదు. దీన్ని పోగొట్టుకోదలచలేదు.

ఒకటి సమాధి కాడ పాడేది, ఒకటి పెండ్లిది, ఇంకొకటి పసిబిడ్డను చర్చికి తెచ్చినప్పుడు పాడేది. మూడింటినీ ఒకేసారి నేర్చుకుంటున్నాడు.

"ఒక్కటొక్కటి నేర్చుకోరాదు?" అంది భార్య మార్తమ్మ. జ్వరం తగ్గి ఆ పొద్దే లేచింది.

"అన్నం ఉడికేదాక నువ్వు కూర తరుగుతలేవా?"

"తరుగుత. అన్నంల అయితే కలుప." సంచి తీసుకుని పెరటి దారిన కూరగాయలకు పోయింది.

ఆనందరావు సమాధి పాట ఎత్తుకున్నాడు. ఎదురింటి రాజక్కదీ, ఆ బజారులో చాలామందిదీ అదే చర్చి. పాట వినగానే చీపురు కింద పడేసింది.

"అయ్యో, మార్తమ్మ పోయినట్టుంది. జరం అన్నరు గదా."

పక్కింటి కిషన్ రావు దండ తెచ్చాడు. వాకిట్లో పదిమంది చేరారు. దుఃఖంలో ఉన్న మనిషిని కదిలించొద్దని లోపలికి ఎవరూ పోలేదు. అంతలో పెండ్లి పాట మొదలైంది.

"ఇంక శవాన్నే ఎత్తలే. అప్పుడే పెండ్లా?" అన్నాడు కిషన్ రావు.

"మొగోళ్లంతే తమ్మీ," అంది రాజక్క కండ్లు తుడుచుకుంటూ.

కాసేపటికి పసిబిడ్డ పాట వినిపించింది. కిషన్ రావు దండను మెల్లగా గోడ మీద పెట్టాడు.

"అక్కా, పిల్లగాడు గూడ పుట్టిండు."

అప్పుడే మార్తమ్మ సంచితో వచ్చింది. జనాన్ని చూసి నిలబడింది. "ఎవలు పోయిండ్రు?"

"నువ్వే," అంది రాజక్క. తర్వాత జరిగినవీ వరుసగా చెప్పింది.

చావు సంగతి మార్తమ్మ పట్టించుకోలేదు. నేరుగా లోపలికి పోయి, "పెండ్లి ఎవలతోని?" అని అడిగింది.

ఆనందరావు నోరు తెరిచేలోపు చావు కబురు విన్న పాస్టరు బైబిలుతో వచ్చాడు. వాకిట్లో విన్నదంతా ఆనందరావుకు చెప్పాడు. కుర్చీ పోయినట్టేనని ఆనందరావు తల వంచుకున్నాడు.

"ఇంకో వారం టైమియ్యుండ్రి, అయ్యగారూ."

"ఎందుకన్నా? నోట మాట లేకుంటనే మూడు పాటలు బజారుకు సమజైనయ్. ఆదివారమొచ్చి కూసో."

"కూసుంటడు," అంది మార్తమ్మ. "పెండ్లి పాట మాత్రం వాయించడు."

ఇప్పుడు ఆ చర్చిలో పెండ్లిళ్లకు బయటి నుంచి బ్యాండును పిలుస్తున్నారు.