విషయం: కాన్పుకు తోడు మనిషి

ఎనిమిదో నెల నడుస్తున్న కోడలు, కాన్పు సమయంలో తనకు తోడుగా ఒక డౌలాను కుదుర్చుకొనుటకు అనుమతి కోరుతూ పెట్టుకున్న అర్జీ ఆ ఇంటి రిజిస్టరులో నూట నలభయ్యో నంబరుగా నమోదైంది. నూట ముప్పై తొమ్మిదోది వంటింటి కిటికీకి కొత్త గడియ. అది ఇంకా పరిశీలనలో ఉంది.

ఇంట్లో అర్జీలేమిటని అడిగేవారు ఆమె మామగారిని ఎరగనివారు. ఆయన రికార్డుల ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి, రిటైరైన మర్నాడే ఆఫీసును ఇంటికి తెచ్చేసుకున్నారు. నోటిమాటగా అడిగిందేదీ ఆయన చెవికెక్కదు. కాగితం పెట్టాలి. ఆ కాగితం ముందు కొడుకు దగ్గరికి, తర్వాత అత్తగారి దగ్గరికి వెళ్లి, వాళ్ల అభిప్రాయాలు మోసుకుని చివరికి ఆయన బల్ల మీదికి చేరాలి. ఈ పద్ధతి పుణ్యమా అని ఆ ఇంట్లో ఇంతవరకు ఒక్క తప్పుడు నిర్ణయమూ జరగలేదు. నిర్ణయమంటూ జరిగితే కదా.

కోడలికి ఇది రెండో కాన్పు. మొదటిసారి పదకొండు గంటలు నొప్పులు పడింది. ఆ పదకొండు గంటలూ ఎదుటి గోడ మీది చెమ్మ మరకను చూస్తూ గడిపింది. నర్సులు వచ్చి చూసి వెళ్లేవారు. ఇంకెంతసేపని అడుగుదామంటే పక్కన మనిషి లేదు. ఆ భయం ఆమెను నేటికీ వదల్లేదు. డౌలా అంటే కాన్పులో పక్కన ఉండే పనే నేర్చుకున్న మనిషని, నడుం నొక్కుతుందని, ఊపిరి ఎలా తీయాలో చెబుతుందని, పట్టుకున్న చెయ్యి వదలదని, ఆసుపత్రివాళ్లు కూడా తోడుగా ఒకరిని లోపలికి రానిస్తారని అర్జీలో వివరంగా రాసింది.

భర్త ఉత్తముడు. "అర్జీదారు కోరిక సబబే. అయితే పెద్దల అభిప్రాయం చూడవలసి ఉంది" అని రాసి, ఎవరూ నొచ్చుకోకుండా సంతకం పెట్టాడు. అదేమిటని ఆమె నిలదీస్తే, తాను ముమ్మాటికీ ఆమె పక్షమేనని, కాకపోతే ఆ సంగతి కాగితం మీద పెడితే బాగుండదని చెప్పాడు.

అత్తగారు ముగ్గురిని కన్న మనిషి. "నాకెవరున్నారు?" అని మాత్రం రాశారు. అది బాధో వాదనో మామగారికి అంతుబట్టలేదు. వాదన కిందే జమకట్టుకున్నారు.

ఆపైన ఫైలును రెండు సందేహాలతో తిప్పి పంపారు. నొప్పులు ఏ తేదీన, ఎన్ని గంటలకు మొదలవుతాయో అర్జీదారు స్పష్టంగా తెలపలేదు. సదరు డౌలా డాక్టరూ కాదు, నర్సూ కాదు, బంధువూ కాదు కనుక ఆమెను ఏ కోవలో చేర్చాలో బోధపడలేదు. అందుచేత ఆమెను ఇంటర్వ్యూకు పిలిపించారు.

వచ్చినావిడ నలభై దాటిన నెమ్మదస్తురాలు. నొప్పులు తగ్గిస్తారా అని మామగారు అడిగారు. తగ్గించనంది. కాన్పు చేస్తారా అంటే అదీ చేయనంది.

"మరి చేసేదేమిటమ్మా?"

"పక్కన ఉంటానండి."

మామగారు తృప్తిగా కుర్చీలో వెనక్కి వాలారు. "ఉండడానికి శిక్షణ ఎందుకు? మేమంతా ఉన్నాంగా!"

ఆవిడ కోడలి వైపు తిరిగి, "నీకు దేనికి భయంగా ఉందమ్మా?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆవిడే. కోడలు తన కుర్చీని ఆవిడ పక్కకు జరుపుకుంది. ఇంటర్వ్యూలో విషయానికి సంబంధంలేని ప్రశ్న తలెత్తిందని మామగారు నోట్ చేసుకున్నారు.

నొప్పులు ఏ అనుమతీ లేకుండా, డాక్టరు చెప్పిన గడువుకు పది రోజులు ముందే, ఒక మంగళవారం పొద్దున మొదలయ్యాయి. బాబాయిలూ పిన్నులూ కలుపుకుని ఏడుగురు రెండు కార్లలో ఆసుపత్రికి తరలివచ్చారు. తోడుగా ఒకరు లోపలికి రావచ్చని నర్సు చెప్పి వెళ్లింది.

ఎవరు వెళ్లాలన్నది చిన్న విషయం కాదు. భర్త వెళ్తే బాగుంటుందా అని ఒక పిన్ని సందేహం. అమ్మ వెళ్తే మంచిదని భర్త సూచన. అత్తగారు చెంగు దోపుకుని లేచారు. "నేను వెళ్తానండి. ఒక్కతీ ఉంది పిల్ల."

"కూర్చో. అది ఇంకా తేలలేదు" అన్నారు మామగారు, జేబులోంచి కాగితం తీస్తూ. ఆవిడ కూర్చున్నారు.

లోపల నర్సు అడిగింది. "తోడు ఎవరొచ్చారమ్మా?"

"ఏడుగురండి" అంది కోడలు, మంచం అంచు పట్టుకుని.

ఈసారి ఆరు గంటలే పట్టింది. ఆడపిల్ల. తల్లీబిడ్డా క్షేమం. మామగారు వరండాలోనే తుది ఉత్తర్వు వెలువరించారు. "తోడు లేకుండానే కాన్పు సుఖంగా జరిగినందున, తోడు అనవసరమని అనుభవపూర్వకంగా రుజువైనందున, ఫైలు మూసివేయడమైనది. ఈ కష్టసమయంలో వరండాలో అలుపెరగక నిలబడిన కుటుంబ సభ్యులందరికీ అభినందనలు." అందరూ సంతకాలు చేశారు. అత్తగారు కళ్లజోడు మరిచిపోయానన్నారు.

ఇంతదాకా చదివి నవ్వుకుంటున్న అయ్యలకు ఒక మనవి. మీ బిడ్డ పుట్టిన రోజున వరండాలో మీరు ఎంతసేపు నిలబడ్డారో, ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగారో మీకు బాగా గుర్తుండే ఉంటుంది. మీ ఆవిడకూ గుర్తుంది.