అమరులు లేని ఊరికి ఫలకం

కెజయా టాప్‌స్కాట్ కొడుక్కి సంచీ సర్దుతోంది. ఉన్ని బనియన్లు నాలుగు, మేజోళ్ళు ఆరు జతలు, ఛాతీకి రాసుకునే బాతుకొవ్వు ఒక సీసా. ఆ సీసా పగిలితే ఇంకొకటి.

"అమ్మా, నన్ను పంపేది సముద్రపొడ్డు ఆస్పత్రికా, ఉత్తరధ్రువానికా?" అన్నాడు ఈనస్. అని దగ్గాడు. ఫ్రాన్సు యుద్ధంలో విషవాయువు పీల్చి వచ్చాక వాడి ప్రతి జోకు వెనకా ఒక దగ్గు ఉంటోంది.

"జోకులు చాలు. మెడకి మఫ్లర్ చుట్టుకో."

సరిగ్గా అప్పుడే కల్నల్ ఫార్కర్ దొరగారు తల గుమ్మానికి కొట్టుకుని లోపలికి దయచేశారు. అంతటి మనిషి అంత చిన్న ఇంటికి వస్తారని పాపం ఆ గుమ్మం ఊహించి ఉండదు.

చిన్న మడ్‌కూం గ్రామంలో ఎన్ని కమిటీలున్నాయో అన్నిటికీ అధ్యక్షులు ఆయనే. పారిష్ కౌన్సిలు, పూల ప్రదర్శన, యుద్ధ పింఛన్లు అన్నీ ఆయన చేతిలోవే. యుద్ధం జరిగినంత కాలం ఇంటి దగ్గరే నిబ్బరంగా నిలబడి, తొమ్మిది మంది కుర్రాళ్ళని ఫ్రాన్సుకి పంపిన ధీరుడు. వచ్చే ఎన్నికల్లో పార్లమెంటుకి నిలబడాలని దేశం తనని వేడుకుంటోందని ఆయనే చెప్పారు.

"ఈనస్! మన చర్చిలో యుద్ధ స్మారక ఫలకం పెడుతున్నాం," అని కల్నల్ ప్రకటించారు. "మంచి ఇత్తడి. బిషప్పుగారు ఆవిష్కరిస్తారు. తర్వాత నేను మాట్లాడతాను. బిషప్పుగారి కంటే కొంచెం ఎక్కువసేపు."

"ఎవరి స్మారకం దొరగారూ?"

కల్నల్ మొహం వాడిపోయింది. "అక్కడే వచ్చింది చిక్కు."

చిక్కు మామూలుది కాదు. పక్కనున్న పెద్ద మడ్‌కూం నుంచి నలభై మంది వెళ్తే ఇరవై ముగ్గురు ప్రాణాలిచ్చారు. వాళ్ళ చర్చిలో పాలరాతి ఫలకం వెలిసింది, బిషప్పు వచ్చాడు, పేపర్లో ఫొటో పడింది. చిన్న మడ్‌కూం నుంచి వెళ్ళిన తొమ్మిది మందీ మాత్రం, ఊరి పరువు సంగతి ఆలోచించకుండా, తిరిగొచ్చేశారు.

"మావాడి ఆస్పత్రి కాగితం మీద పింఛన్ల కమిటీ తరఫున తమరి సంతకం..." అంది కెజయా.

"దానికో ప్రొసీజర్ ఉందమ్మా. తొందరేముంది? మే నెల. ఎండలు బాగా కాస్తున్నాయి."

ఆయన టోపీ అంచు నుంచి వాననీళ్ళు కారుతున్నాయి. కెజయా సంచీని మంచం కిందికి తోసింది.

గురువారం చర్చి వెనక గదిలో ఫలకం కమిటీ కూర్చుంది. చర్చి ఊడ్చేదీ ఇత్తడి సామాను తోమేదీ కెజయాయే కాబట్టి, మూలన కూర్చుని కొవ్వొత్తి స్టాండ్లు తోముతోంది. కల్నల్ ఎజెండా చదివారు. "ఒకటి, ప్రార్థన. రెండు, మృతవీరుల సేకరణ."

"మీ గుర్రం డచెస్ ఫ్రాన్సులోనే పోయింది కదండీ," అని పోస్టాఫీసు చూసే మిస్ ప్రౌస్ గుర్తుచేసింది.

"ఆడగుర్రం. పైగా మన చర్చిది కాదు. మెథడిస్టు శాఖవాళ్ళ దగ్గర కొన్నాను."

"సంధి కుదిరిన రోజు ఆపిల్ సారా తొట్టిలో పడి పోయాడే, ముసలి గౌల్డ్?" అన్నారు పాదిరీగారు.

"శత్రువుకి ఎదురు నిలబడి పోయాడా?"

"తొట్టికి ఎదురు నిలబడి."

దీనిమీద కమిటీ చాలాసేపు ఆలోచించింది. ఇరవై ముగ్గురిలో ఒక్కణ్ణి ఇవ్వమని పెద్ద మడ్‌కూంకి రాసిన ఉత్తరానికి జవాబు కూడా వచ్చింది: 'మావాళ్ళు మాకే కావాలి. మీవాళ్ళని మీరే తయారు చేసుకోండి.'

అప్పుడు కల్నల్ జేబులోంచి ఒక సర్క్యులర్ తీశారు. యుద్ధంలో తగిలిన దెబ్బ వల్ల ఈ ఆగస్టు ముప్ఫై ఒకటి లోపు ఎవరు పోయినా సర్కారు దృష్టిలో యుద్ధమృతులే. ఆ తర్వాత పోతే మామూలు మనుషులు.

మూడు తలలు మెల్లగా కొవ్వొత్తి స్టాండ్ల వైపు తిరిగాయి.

"ఏమ్మా కెజయా, మీవాడి దగ్గెలా ఉంది?"

"కాస్త నయమే దొరగారూ."

"అయ్యో. నిరాశపడకు."

"మరి ఆ సంతకం..."

"అక్కడ సముద్రం దగ్గర ఏమైనా అయితే ఆ ఊరి చర్చివాళ్ళు మన కుర్రాడి పేరు రాసేసుకుంటారమ్మా. అంత నష్టాన్ని ఈ ఊరు తట్టుకోగలదా?"

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లి చెప్పింది విని ఈనస్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఏం ఉద్యోగమే అమ్మా! అక్కడ బతికితే కర్తవ్యం, ఇక్కడ బతికితే ద్రోహం!"

"నువ్వు ఉల్లిపాయ పులుసు తాగు," అంది కెజయా. కన్నీళ్ళు ఉల్లిపాయల మీదికి నెట్టేసింది.

జూన్‌లో కాగితం మీద డాక్టరు సంతకం నీలం సిరాలో ఉందని వెనక్కొచ్చింది. నల్ల సిరాలో చేయించి పట్టుకెళ్తే, జూలైలో కల్నల్‌గారి చెయ్యి బెణికింది. ఆ చేత్తోనే ఆయన శనివారం క్రికెట్ ఆడి ముప్ఫై నాలుగు పరుగులు తీశారు. దేశసేవకుల సహనం అలాంటిది.

అక్షరాలు చెక్కేవాడు టేపు పట్టుకుని ఇంటికొచ్చాడు. "ఈనస్ టాప్‌స్కాట్. అంతేనా? ఇంత ఫలకానికి బోసిగా ఉంటుంది బాబూ. మధ్య పేరేమైనా ఉందా?"

"ఎన్ని కావాలి?" అన్నాడు ఈనస్.

ఊరంతా వాణ్ణి ప్రేమగా పలకరించేది. "ఎలా ఉన్నావురా?" అని అడిగి, "బాగున్నా" అంటే నిట్టూర్చి వెళ్ళిపోయేది. కెజయా మాత్రం కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కి, వాడి ఊపిరికి కాపలా కాసింది.

ఆగస్టులో పూల ప్రదర్శన రోజున కుండపోత. అంతమందిలో ఈనస్‌కే కల్నల్ ఒక గౌరవం కట్టబెట్టారు. గేటు దగ్గర జెండా పట్టుకుని నాలుగు గంటలు నిలబడాలి. రెండో గంటలో కెజయా గొడుగు వేసుకుని వచ్చింది.

"ఇంటికి పద."

"గౌరవం మధ్యలో వదిలేస్తే బాగుండదమ్మా," అన్నాడు పళ్ళు టకటకలాడుతుంటే.

"పెట్టెయ్యరా ఆ గౌరవాన్ని కూడా ప్రదర్శనలో, బంగాళాదుంపల పక్కన!"

ఆగస్టు ముప్ఫై ఒకటి పోయింది. ఈనస్ పోలేదు. మర్నాడు పొద్దున్నే కల్నల్ వచ్చి, అడగకుండానే సంతకం చేశారు. "మనవాడి ఆరోగ్యంతో ఇంక ఒక్క రోజు కూడా ఆటలాడకూడదు!" అని కెజయా మీద కేకలేశారు. శుక్రవారం ఈనస్‌ని బండిలో స్టేషనుకి తీసుకెళ్ళారు.

ఫలకం సంగతి? మహానుభావులు ఇలాంటివాటికి లొంగరు. కల్నల్ కొత్త అక్షరాలు చెక్కించారు: 'ఈ ఊరి నుంచి తొమ్మిది మంది యుద్ధానికి వెళ్ళారు. దేవుని దయ వల్ల తొమ్మిది మందీ తిరిగి వచ్చారు.' చచ్చినవాళ్ళ ఫలకాలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి, ఇలాంటిది జిల్లాలోనే లేదని బిషప్పు పరవశించిపోయారు. పెద్ద మడ్‌కూం అసూయతో కుళ్ళిపోయింది.

అక్టోబరు ఇరవై మూడు ఆదివారం ఆవిష్కరణ. బిషప్పు పదినిమిషాలు, కల్నల్ నలభై నిమిషాలు మాట్లాడారు. చివర్లో ఆయన చూపు వెనక బెంచీ మీద పడింది.

"ఆ తొమ్మిది మందిలో ఒకరి తల్లి ఇక్కడే ఉంది! కెజయా, లేమ్మా. బిషప్పుగారికి నువ్వే చెప్పు. మీవాడు తిరిగొచ్చాడా లేదా?"

కెజయా లేచి నిలబడింది. "వచ్చాడండి. పంతొమ్మిదో సంవత్సరంలో."

చప్పట్లతో చర్చి మోగిపోయింది.

ఈనస్ టాప్‌స్కాట్ సముద్రపొడ్డు ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు. పోయింది 1921 అక్టోబరు పద్దెనిమిది, మంగళవారం.