తోర్సలో రహిత పట్టణం

లాస్ ఒర్కెతాస్ పట్టణంలో తోర్సలో అనే పురుగు లేదని పురపాలక సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానం ప్రతిని పురుగుకు పంపకపోవడం వల్ల అది యథావిధిగా కొనసాగుతోంది.

పశువులున్న ఊళ్లో తోర్సలో ఎవరికీ కొత్త కాదు. దాని తల్లి ఈగ గొప్ప పరిపాలనా దక్షురాలు. తన గుడ్లను తాను ఎవరి ఒంటిమీదా పెట్టదు. దారిన పోయే దోమను పట్టుకుని, దాని పొట్టకు అంటించి వదిలేస్తుంది. దోమ వాలిన చోట పిల్ల బయటపడి చర్మంలో దూరి, ఊపిరికి చిన్న కన్నం ఉంచుకుని, ఏడెనిమిది వారాలు తిని బలిసి, తనంతట తానే రాలిపోతుంది. విచారణ జరిగితే దోమ దొరుకుతుంది. ఈగ దొరకదు.

తీర్మానం వల్ల ఇబ్బంది పడింది ఒక్క నికొలాసా. ఆరోగ్య కేంద్రానికి ఆమె ఒక్కతే నర్సు. లేని జబ్బుకు పనిముట్లు దండగని ఆమె దగ్గరున్న చిమటాలు, మత్తుమందు పట్టుకుపోయారు. పుస్తకంలో 'తోర్సలో' గడిని ఎర్రసిరాతో కొట్టేశారు. రోగులు మాత్రం వస్తూనే ఉన్నారు. ఆమె వాళ్ల కురుపుల మీద పంది కొవ్వు ముక్క కట్టి, ఊపిరాడక పైకి వచ్చిన పురుగును వేళ్లతో లాగేసి, 'ఇతరములు' అని రాసేది. ఏడాదిలో ఊరి ప్రజానీకంలో సగం ఇతరములైంది.

మేయరు దోన్ ఎవరిస్తో ఆ విజయానికి గుర్తుగా పచ్చిక బయల్లో, టోపీ తీసి, ఒక ఆవును కౌగిలించుకుని ఫొటో దిగాడు. నెల తిరిగేసరికి ఆయన బట్టతల నడినెత్తిన బొడిపె లేచింది. కార్యదర్శి ప్లుతార్కోను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రం పెరటి గుమ్మంలోంచి వచ్చాడు.

"వేడి కురుపేమో నర్సమ్మా, కాస్త చూడు."

నికొలాసా చూసింది. బొడిపె నడుమ కన్నంలోంచి తెల్లటి మొన ఒకటి పైకొచ్చి, గాలి పీల్చుకుని, లోపలికి పోయింది.

"కురుపు ఊపిరి పీల్చదు కదండీ."

"ముప్పై ఒకటో నంబరు తీర్మానం ప్రకారం అది ఉండటానికి వీల్లేదు," అన్నాడు ప్లుతార్కో.

"ఆ మాట దానికే చెప్పండి, ఇక్కడే ఉంది."

మేయరు గొంతు తగ్గించాడు. "నేను ఆలోచించేటప్పుడు మరీ మెసులుతోందమ్మా."

"అయితే ఎక్కువ సేపు ఇబ్బంది ఉండదు లెండి," అని నికొలాసా కొవ్వు ముక్క తీసింది. "రేపటికల్లా పైకొస్తుంది. కానీ పుస్తకంలో దాని పేరే రాస్తాను. ఏడాదిగా అందరికీ అబద్ధం రాశాను, ఇక నావల్ల కాదు."

మేయరు కొవ్వు కట్టించుకోకుండానే టోపీ పెట్టుకుని లేచాడు. "కొండమీది కేంద్రానికి నర్సు కావాలంటున్నారు. కంచరగాడిద మీద రెండు రోజుల దారి. వార్షికోత్సవం అయ్యాక మాట్లాడదాం."

వాళ్లు వెళ్లాక నికొలాసా కేంద్రం తలుపు మూసింది. ఇంటికి పోయి పెట్టె సర్దుకుంది.

మరో మూడు వారాలకు తోర్సలో రహిత పట్టణ ప్రథమ వార్షికోత్సవం జరిగింది. మేయరు బొడిపె కనపడకుండా చెవిపక్క వెంట్రుకల్ని నడినెత్తికి దువ్వి, జుట్టుకు రాసే పొమేడు జిడ్డు డబ్బాడు మెత్తాడు. మంత్రిత్వ శాఖ ప్రతినిధి వేదిక మీద ఉన్నాడు. జాతీయ గీతం మొదలైంది. టోపీ తీయక తప్పలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండకు పొమేడు కరిగి కన్నంలోకి దిగింది.

"ఈ గడ్డమీద," అన్నాడు మేయరు, "ఒక్క పురుగును చూపించమని సవాలు చేస్తున్నాను." అని సవినయంగా తల వంచాడు.

పురుగు సవాలును స్వీకరించింది. ఊపిరాడక మెలికలు తిరుగుతూ, బొటనవేలంత లావున, ముందు వరస వాళ్లంతా చూస్తుండగా బయటికొచ్చి ఉపన్యాసం కాగితం మీద పడింది. ప్లుతార్కో దాని మీద టోపీ బోర్లించాడు గాని, అప్పటికే ఆలస్యమైంది.

జనంలో ఉన్న నికొలాసాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఇక ఈయన పని అయిపోయింది, నా పెట్టె విప్పేసుకోవచ్చు అనుకుంది.

మేయరు కాసేపు టోపీ వంక చూశాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

"సోదరులారా, దాచి ప్రయోజనం లేదు. మన పశువుల బాధ తెలుసుకుందామని ఏడు వారాలుగా ఈ ప్రాణిని నా తలలో పెట్టి సాకాను. నా రక్తం ఇచ్చాను. నా మెదడుకు పక్కన చోటిచ్చాను."

జనం భోరుమన్నారు. ప్రతినిధి లేచి ఆయన్ను కావలించుకున్నాడు. ఆ వారంలోనే ముప్పై ఒకటో తీర్మానం రద్దయింది. చిమటాలు, మత్తుమందు రిబ్బను కట్టించుకుని తిరిగొచ్చాయి. బదిలీ మాట ఎవరూ ఎత్తలేదు.

సోమవారం నికొలాసా పెందలాడే తలుపు తెరిచింది. వరస చర్చి దాకా ఉంది. ఇన్నాళ్లకు పేరు పెట్టి రాయొచ్చు, నొప్పి లేకుండా తీయొచ్చు అని ఆమెకు కడుపు నిండినట్టయింది. ముందున్నది బడి పంతులమ్మ ఓబ్దూలియా. భుజం మీద మూడు కన్నాలు.

"కూర్చోండి టీచరమ్మా, పది నిమిషాల్లో తీసేస్తాను."

ఓబ్దూలియా చటుక్కున చెయ్యి అడ్డం పెట్టుకుంది. "తీయించుకోవడానికి ఎవరొచ్చారు? ఉన్నాయని కాగితం రాసివ్వు. పురుగును సాకే త్యాగశీలురకే పురపాలక ఉద్యోగాలని నోటీసు పెట్టారు, చూడలేదా?"

"నొప్పి లేదా మరి?"

"ప్రాణం పోతోంది. త్వరగా రాయి."

ఆమె వెనకాల చెప్పులు కుట్టే రుపెర్తో, ఒళ్లంతా శుభ్రంగా ఉన్నవాడు, తల గోక్కున్నాడు. "నర్సమ్మా, నాకు ఒక్కటీ లేదు. టీచరమ్మకు మూడున్నాయి కదా, ఒకటి ఇటు మార్చడానికి వీలవుతుందా?"

పంతులమ్మ చొక్కా గబగబా పైకి లాక్కుంది. "ఎవరి దోమను వాళ్లే వెతుక్కోవాలి రుపెర్తో. నేను ఆవుల దగ్గర ఎండలో మూడ్రోజులు కూర్చున్నాను."