గంగాధరప్ప ఇంటి చీటీలు

ఆగస్టు పదకొండు, సోమవారం. బత్తలపల్లెలో గంగాధరప్ప ఇంట్లో ఆ ఉదయం ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. రెండో బజ్జీ తింటుండగా ఆయనకు ఉపాయం తోచింది.

చిన్నకోడలు త్రివేణికి మర్నాడే అనంతపురంలో గుమాస్తా ఉద్యోగం పరీక్ష. ఇంతకుముందు రెండుసార్లూ ఇంగ్లీషు పర్యాయపదాల దగ్గరే పోయింది. వయసు లెక్కన ఇదే ఆఖరిసారి. పుస్తకంలోని మాట ఆమెకు నిలవదు. వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో మాత్రం చీకట్లోనూ చెబుతుంది. అందుకని గంగాధరప్ప ఇంటి సామానుకంతా చీటీలు అంటించాడు. కొళాయికి 'స్కేర్స్', అంటే అరుదు, రేర్. రుబ్బురోలుకు 'స్టర్డీ', అంటే గట్టిది, స్ట్రాంగ్. కాలంచేసిన భార్య ట్రంకుపెట్టెకు 'ఏన్షియంట్', అంటే పాతది, ఓల్డ్. వచ్చిన మాటలకు నీలం కాగితం, రానివాటికి ఎర్ర కాగితం.

మజ్జిగకు వచ్చిన పొరుగింటి కదిరమ్మకు ఇంగ్లీషు రాదు, రంగులు తెలుసు. అన్నదమ్ములు వేరుపడేటప్పుడు ఆ వీధి పెద్దమనుషులు సామానుకు ఇలాగే రెండు రంగుల చీటీలు వేస్తారు. ఇంటి గుట్టు అడగడం మర్యాద కాదని ఆమె ఏమీ అడగలేదు. తాడిపత్రిలో ఉన్న పెద్దకొడుకు కేశవకు ఫోన్ మాత్రం చేసింది.

మధ్యాహ్నం బస్సుకు కేశవ, భార్య ఉమాదేవి దిగారు. దారిలో పెద్దమనిషి ఆదెన్నను వెంటబెట్టుకొచ్చారు. గంగాధరప్ప అప్పటికే హాల్ టికెట్ ప్రింటు తీయించడానికి బజారుకు పోయాడు. త్రివేణి పెరట్లో బట్టలుతుకుతోంది. చీటీ లేకపోతే పంపకం చెల్లదు కాబట్టి, ఉమాదేవి అన్నింటినీ పీకి బకెట్ నీళ్లలో ముంచేసింది.

గంగాధరప్ప తిరిగొచ్చేసరికి కాగితాలన్నీ ముద్ద.

"నాతో ఒక మాటైనా చెప్పకుండా ఇల్లు పంచుతాండావా, నాయనా?" అన్నాడు కేశవ. "అంతా తమ్మునికే ఇయ్యి. నాకేం వద్దు. ఇల్లు మాత్రం ఒకటిగా ఉండల్ల."

గంగాధరప్పకు ముందు కళ్లు చెమర్చాయి. సంగతి ఆ తర్వాత అర్థమైంది. ఆయన విడమరిచి చెప్పగానే ఉమాదేవి బకెట్ పక్కనే కూలబడి, చెల్లెలిలాంటి తోడికోడలి పరీక్ష నీళ్లపాలు చేశానని తల కొట్టుకుంది. త్రివేణి పెరట్లోంచి తడిచేతులతోనే వచ్చి, ముద్దలోంచి కాగితాలు విడదీయబోయింది.

వచ్చినందుకు ఏదో ఒక తీర్పు చెప్పకుండా కదిలే అలవాటు ఆదెన్నకు లేదు. కర్రతో రోలును చూపించాడు.

"చీటీ పోతే పోయె. దీనిమీద ఏముండెనో చెప్పు తల్లీ."

"స్టర్డీ. స్ట్రాంగ్. రోబస్ట్."

కర్ర పెట్టె మీదికి, కొళాయి మీదికి, కుంటిమంచం మీదికి పోయింది. ఎర్రచీటీల మాటలు కూడా ఆమె ఒక్కటీ తప్పలేదు. గంగాధరప్ప ప్రతిదానికీ తలూపుతూనే ఉన్నాడు.

"రేపు ఆడ మాత్రం చీటీలుంటాయా?" అని ఆదెన్న తీర్పిచ్చి, టీ తాగి వెళ్లిపోయాడు.

త్రివేణిని తొలిబస్సుకు తానే తీసుకుపోతానని కేశవ ఆగిపోయాడు. ఉమాదేవి ఆమెను గిన్నె కూడా ముట్టుకోనివ్వలేదు. చిన్నకొడుకు ప్రతాప్ మగ్గం దిగివచ్చి, అన్న పక్కనే చాప వేసుకున్నాడు. భార్య పోయాక ఇద్దరు కొడుకులూ ఒకే కప్పు కింద నిద్రపోవడం గంగాధరప్ప చూడటం అదే మొదటిసారి. లోపల చోటు చాలక ఆయన దుప్పటి తీసుకుని బయటికొచ్చి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.

మొత్తానికి పంపకంలో ఆయన వాటాకు వరండా వచ్చింది.