ఫలనీకో మోకాలు చెప్పిన క్షమాపణ

ఆ మంగళవారం తెల్లవారుతుండగా ఫలనీకో వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎవరి కంటా పడకుండా బస్సెక్కి, పట్నం ఆసుపత్రికి వెళ్ళి, మోకాలి ఆపరేషన్ వద్దని చెప్పేసి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. భార్య సినపాతి మాత్రం అతను సరేనని చెప్పడానికే వెళ్తున్నాడనుకుంటోంది. అతను అబద్ధమేమీ ఆడలేదు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ తల ఊపాడు, అంతే. అన్నేళ్ళు కాపురం చేశాక, మొగుడు తల ఊపడం ఒప్పుకోవడం కాదని ఆమె తెలుసుకుని ఉండాల్సింది.

ఏడాదికోసారి విదేశాల నుంచి వచ్చే డాక్టర్లు ఆ నెలలో మళ్ళీ వచ్చారు. ఫలనీకో ఎక్స్‌రే చూసి, కుడి మోకాలి కీలు పూర్తిగా అరిగిపోయిందనీ, ఎముకా ఎముకా రాసుకుంటున్నాయనీ, కొత్త కీలు వెయ్యడం తప్ప దారి లేదనీ చెప్పారు. మంగళవారంలోగా ఏదో ఒకటి తేల్చుకోమన్నారు. "నొప్పి పోతుంది, హాయిగా నడుస్తావు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూచోడం మాత్రం కష్టమే" అన్నాడు పెద్ద డాక్టరు. ఆయన చెప్పినదంతటిలో ఫలనీకో చెవిలో దిగింది ఆ ఆఖరి ముక్క ఒక్కటే.

దిగదూ మరి! మా సమోవా పల్లెల్లో పెద్దల సభ అంటే గోడల్లేని సభాగృహంలో ఎవరి స్తంభానికి వాళ్ళు వీపు ఆనించి, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం. పాదాలు ఎదుటివాడి వైపు పెట్టడం తిట్టడంతో సమానం. మరీ ముసలివాళ్ళూ, జబ్బుపడ్డవాళ్ళూ కాళ్ళు బారజాపుకుంటే వాటిమీద ఒక చాప కప్పుతారు. ఫలనీకో మా ఊరి తరఫున మాట్లాడే పెద్ద. పెళ్ళయినా, చావయినా, పక్క ఊరితో తగవయినా ముందు లేవాల్సింది అతని గొంతే. కాళ్ళమీద చాప పడిన రోజున తన మాట మీద కూడా చాప కప్పేస్తారని అతని భయం. ఆ భయంతోనే ఇన్నాళ్ళూ సభలో పళ్ళు బిగబట్టి కూర్చుని, అందరూ వెళ్ళిపోయాక స్తంభం పట్టుకుని లేస్తున్నాడు. "ఆలోచించుకుంటున్నాను, మీరు పదండి" అనేవాడు. లోతైన మనిషని ఊళ్ళో పేరొచ్చింది.

బయల్దేరబోతుంటే సినపాతి ఒక చాప చేతిలో పెట్టింది. మొగలాకును దారంలా సన్నగా చీల్చి, పట్టుగుడ్డలా నేసి, అంచున ఎర్ర ఈకలు కుట్టిన చాప. అలాంటివి మేము పరుచుకోం. పెళ్ళిళ్ళకీ చావులకీ పెద్దమనుషుల చేతుల్లో పెడతాం.

"డాక్టరుగారికివ్వు."

"ఆయనకెందుకే? జీతం తీసుకుంటున్నాడుగా."

"జీతానికి చేసేవాడు జీతానికి తగ్గ మోకాలే వేస్తాడు. మర్యాద చేస్తే మంచిది ఏరి వేస్తాడు. మా అమ్మ నేసిన చాప. దీనికి మట్టంటిందా, నీ రెండో మోకాలి సంగతి నేను చూస్తా!"

ఫలనీకో మళ్ళీ తల ఊపాడు.

ఊరి మధ్య రోడ్డున పోతే ప్రతి ఇంటివాళ్ళూ "ఎక్కడికి?" అని అడుగుతారు. జవాబు చెప్పకపోతే మర్యాద కాదు, చెప్తే మోకాలి సంగతి బయటపడుతుంది. అందుకని అడ్డదారి పట్టాడు. ఆ దారి పెలెనాతో ఇంటి వాకిట్లోంచి పోతుంది. పెలెనాతోకీ అతనికీ చాలాకాలంగా మాటల్లేవు. పెలెనాతో ముద్దుగా పెంచుకున్న మగపంది ఒకటి ఫలనీకో చేమదుంపల తోట తవ్విపోసి, ఆ తర్వాత కనిపించకుండా పోయింది. "దాన్ని చంపి తిన్నది నువ్వే" అని పెలెనాతో నిండుసభలో అన్నాడు. ఫలనీకో దాన్ని తినలేదు. తినాలని మాత్రం చాలాసార్లు అనుకున్నాడు.

వాకిలి సగం దాటాడో లేదో, కుడి మోకాలు టక్కుమని పట్టేసింది. అరిచే వ్యవధి కూడా లేదు. తడిసిన గడ్డిమీద కూలబడ్డాడు. చేతిలో చుట్టి పట్టుకున్న చాప విచ్చుకుంది. సినపాతి మాట గుర్తొచ్చి, అది మట్టిని తాకేలోగా రెండు చేతులా పట్టి ఎత్తాడు. కింద పెట్టడానికి పొడినేల లేదు. చంకలో పెట్టుకుందామంటే లేవడానికి చేతులు కావాలి. ఆఖరికి నెత్తిమీద కప్పుకుని, రెండు చేతులూ నేలకానించి లేవబోయాడు. మోకాలు కదలనంది. తలొంచుకుని ఆయాసపడుతూ అలాగే ఉండిపోయాడు.

ఈ సంగతి మా సమోవావాళ్ళకి చెప్తే ఇక్కడే గుండెమీద చెయ్యి వేసుకుంటారు. తెల్లవారుజామున, పగవాడి వాకిట్లో, నెత్తిన మేలిచాప కప్పుకుని, తలొంచుకుని మాట్లాడకుండా కూర్చోవడాన్ని మేము ఇఫోంగా అంటాం. హత్యలాంటి ఘోరం జరిగినప్పుడు చేసే క్షమాపణ అది. ఎదుటివాళ్ళు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఏమైనా జరగొచ్చు.

పెలెనాతో భార్య మాసీనా కోకో కాచడానికి లేచి, వాకిట్లోకి చూసి, గిన్నె జారవిడిచింది.

"ఏమయ్యా! లే! ఫలనీకో ఇఫోంగాకి వచ్చాడు!"

"పంది గురించా?" అన్నాడు పెలెనాతో నిద్రకళ్ళతో.

"పందికోసం ఎవడైనా నెత్తిన చాప వేసుకుంటాడా? ఇంకేదో పెద్దదే చేశాడు!"

వాకిట్లో ఫలనీకోకి ఈ మాటలు వినబడుతూనే ఉన్నాయి. కాదని అరుద్దామనుకున్నాడు. కానీ కాదంటే, మరి చాప ఎందుకు కప్పుకున్నావంటారు. క్షమాపణతో వేళాకోళం ఆడాడని పగ రెట్టింపవుతుంది. నిజం చెప్తే మోకాలు ఊరందరి నోళ్ళలో పడుతుంది. పెద్దసభలో కాళ్ళమీద చాప కళ్ళముందు కనబడింది. దానికంటే నెత్తిమీద చాపే నయమనుకుని నోరు మూసుకున్నాడు.

అతను నోరు మూసుకున్నా ఊరు మూసుకోదు కదా. వార్త బావి దగ్గరికి చేరేసరికి పంది పోయి పొలమైంది. కొట్టు దగ్గరికి చేరేసరికి పొలం పోయి ప్రాణమైంది. పెలెనాతో తమ్ముణ్ణి ఫలనీకో చంపేశాడని ఖాయమైంది. ఆ తమ్ముడు చేపలవల భుజాన వేసుకుని వస్తూ ఈ మాట విని, వల పారేసి పరిగెత్తుకొచ్చాడు, తనను ఎందుకు చంపారో కనుక్కోవడానికి.

అంతలో ఫలనీకో చుట్టాలు దిగారు. పెద్ద తల దించితే కుటుంబమంతా దించాలి, అది మా పద్ధతి. అన్నదమ్ముల పిల్లలు, వదినలు, అతనితో మాటపట్టింపులున్నవాళ్ళు, ఇల్లు కదల్లేని మేనత్త, అందరూ వచ్చారు. కట్టెలూ, పొయ్యిరాళ్ళూ తెచ్చి ముందు పెట్టారు. తప్పు మాదే, కాల్చుకు తిన్నా మీ ఇష్టం అని దాని అర్థం. ఒక్కరూ కిక్కురుమనకుండా అతని వెనక బారులు తీరి, చాపలు కప్పుకుని కూర్చున్నారు. ఎండ ఎక్కసాగింది.

సినపాతి అందరికంటే ఆఖర్న వచ్చి, అతని పక్కన కూర్చుని, చాప అంచు కింద తల దూర్చింది.

"బస్సెక్కమని పంపితే ఎవర్ని చంపావయ్యా?"

"ఎవర్నీ కాదే. మోకాలు."

"ఎవరి మోకాలు విరగ్గొట్టావు?"

"నాదే! పట్టేసింది. లేవలేకపోతున్నా."

సినపాతి నవ్వు బిగబట్టింది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకుని వెనకవాళ్ళు కూడా కళ్ళొత్తుకున్నారు.

"మరి లేచి ఆ ముక్క చెప్పు" అంది చివరికి.

"లేవగలిగితే చెప్పాల్సిన పనేముంది?"

"నా చాపకి మట్టంటిందా?"

"లేదు."

"సరే అయితే" అని ఆమె కూడా తల దించుకుని కూర్చుంది.

చాప కింద చీకట్లో ఫలనీకోకి వెనకనుంచి మేనత్త గొంతు సన్నగా వినిపించింది. "వాడేం చేశాడో తర్వాత కనుక్కుందాం. ముందు తలలు దించండి" అని పిల్లల్ని కసురుతోంది. అతనికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తను హంతకుడని నమ్మి కూడా వీళ్ళంతా ఎండలో వచ్చి కూర్చున్నారు. తను మాత్రం కాళ్ళు చాపితే వీళ్ళ ముందు చులకనైపోతానని భయపడుతున్నాడు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే అతనికి నిజంగానే సిగ్గేసింది.

ఇంట్లో పెలెనాతో తేల్చుకోలేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఏం తప్పో తెలియకుండా ఎలా క్షమించడం? తమ్ముడా, బతికే ఉన్నాడు. పొలమా, ఎక్కడికీ పోలేదు. మిగిలింది పంది ఒక్కటే. పంది తలపుకి రాగానే అతని మొహం మాడిపోయింది. దబదబా వాకిట్లోకి వచ్చి, ఫలనీకో ఎదురుగా గొంతుక్కూర్చుని, చాప రెండు చేతులా ఎత్తేశాడు. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

"చాలయ్యా, ఇక సిగ్గు తియ్యకు" అన్నాడు పెలెనాతో. "నా పంది ఊబిలో కూరుకుని చచ్చిందని నాకెప్పుడో తెలుసు. శవం నేనే చూశాను. అందరి ముందూ నిన్ను దొంగన్నాక ఆ మాట వెనక్కి తీసుకోడానికి నోరు రాలేదు. చెయ్యని తప్పుకి నువ్వొచ్చి తల దించావు. ఇంతకంటే నన్నేం కొట్టాలి?"

ఆడవాళ్ళు ఏడ్చేశారు. గుంపులో నిలబడ్డ ఊరి పాస్టరుగారు టోపీ తీశారు. ఫలనీకో ఆ క్షణాన నోరు మెదపకపోతే చాలు, ఊరికి దేవుడైపోయేవాడు. ఆ సంగతి అతనికీ తెలుసు.

"లే అన్నా, లోపలికి రా" అన్నాడు పెలెనాతో.

"లేవలేను తమ్ముడూ" అన్నాడు ఫలనీకో. "నేను క్షమాపణకి రాలేదు. బస్సుకి పోతూ నీ వాకిట్లో పడ్డాను. మోకాలు అరిగిపోయింది. చాలాకాలంగా దాస్తున్నాను."

వాకిట్లో కళ్ళన్నీ పెలెనాతో చేతిలోని చాపవైపు తిరిగాయి.

"మరి నెత్తిన చాపెందుకు?" అంది మాసీనా.

"మట్టంటితే సినపాతి చంపుతానంది."

పెలెనాతో తమ్ముడు భగ్గుమన్నాడు. "మా వాకిట్లో వేళాకోళమా? అన్నా, ఆ చాప మళ్ళీ వాడి నెత్తిన పడెయ్!" అతని చేతులు కట్టెలమీదకి పోయాయి. అవి ఫలనీకోవాళ్ళు తెచ్చిన కట్టెలే.

పెలెనాతో చాలాసేపు ఫలనీకో మొహంలోకి చూశాడు. "వాడబద్ధం ఆడలేదు కదరా. ఆడితే నాకు తెలిసేదే కాదు" అన్నాడు. "ఎత్తిన చాప దించేది లేదు. పంది సంగతి ఒప్పుకున్న మాట కూడా వెనక్కి తీసుకోను. పదండి లోపలికి." అని లేవబోయి, సగంలో ఆగి, మొహం వంకరపెట్టి, ఫలనీకో భుజం పట్టుకున్నాడు. "ఒరే, ఎవరైనా వచ్చి నన్ను కూడా లేపండి" అన్నాడు గొంతు తగ్గించి.

ముందు నవ్వింది మేనత్త. తర్వాత ఎవరు నవ్వారో చెప్పలేం.

ఇద్దర్నీ మోసుకెళ్ళి స్తంభాలకానించారు. రాజీ కుదిరాక రెండువైపులా ప్రసంగాలుండాలి. ఫలనీకో కుడికాలు మడవబోతే మడత పడలేదు. ఊరంతా చూస్తుండగా కాలు చాపాడు. పెలెనాతో తన చేతిలోని ఎర్ర ఈకల చాపను అతని కాళ్ళమీద కప్పి, "మాట్లాడన్నా, వింటాం" అన్నాడు. ఫలనీకో మాట్లాడాడు. పాత సామెతలన్నీ పక్కనపెట్టి నొప్పి గురించి చెప్పాడు. సభ అయ్యాక స్తంభం పట్టుకుని లేచిన రోజుల గురించి, కాలు పోతే చోటు పోతుందనుకున్న భయం గురించి చెప్పాడు. గట్టున కూర్చున్న కుర్రకారు కూడా కదలకుండా విన్నారు. ఆ గొంతుకీ ఆ కాలికీ ఏ ముడీ లేదని అప్పటికిగానీ అతనికి తెలిసిరాలేదు.

బస్సు ఎప్పుడో పోయింది. పెలెనాతో తన ట్రక్కులో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు సంచి సర్దుకుంటున్నాడు.

"ఆలస్యమైంది. ఇంతకీ ఏమనుకున్నారు?"

"వెయ్యండి కొత్త కీలు" అన్నాడు ఫలనీకో.

"ముందే చెప్తున్నా, బాసింపట్టు..."

"కుదరదు. పొద్దున ఊరందరి ముందూ చూసుకునే వచ్చాం."

డాక్టరుకి అర్థం కాలేదు. వెనకనుంచి పెలెనాతో తొంగిచూసి, "ఏమండీ, నా మోకాలు కూడా కాస్త చూస్తారా?" అన్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి వారాల్లో నర్సుల్ని ఫలనీకో తిట్టిన తిట్లు మాత్రం ఆ ఆసుపత్రిలో ఇంకా చెప్పుకుంటారు. కర్ర లేకుండా నడిచి సభకి వచ్చి, తన స్తంభం దగ్గర కాళ్ళు చాపుకుని, చాప కప్పుకుని, ఎప్పటిలాగే ముందు మాట్లాడాడు. ఆ తర్వాతి సభకి పెలెనాతో కాళ్ళు చాపాడు. ఆ పై సభకల్లా, ఇన్నాళ్ళూ ఎవరు ముందు చాపుతారా అని ఎదురుచూస్తున్న పెద్దలంతా ఒక్కొక్కరే నిట్టూరుస్తూ చాపేశారు. ఇదివరకు మోకాళ్ళు ఓర్చుకోలేక మధ్యాహ్నానికల్లా ఏ తగవునైనా తేల్చేసే మా ఊరి సభలో ఇప్పుడు అందరి కాళ్ళూ హాయిగా ఉన్నాయి, ఒక్క తగవూ తేలడం లేదు.