వెనక్కి నడిచిన షారోను

ఆ రోజు చేయాల్సిన పని చాలా తేలిక. పొద్దున షారోనుకు స్నానం, మధ్యాహ్నం ముస్తాబు, మూడింటికి ట్రాలీ ఎక్కించి జగ్గయ్యపేట నుంచి నందిగామ చేర్చడం, అయిదింటికి పెళ్ళికొడుకుని ఎక్కించి ఊరేగించడం. షారోను తెల్లగుర్రం. చుట్టుపక్కల పెళ్ళికొడుకులను కులమతాలు చూడకుండా పదేళ్ళుగా వీపున మోస్తోంది.

"సౌభాగ్యం, జీను పట్రా. ఓసారి వేసి చూద్దాం" అని పెళ్ళాన్ని కేకేశాడు గుర్రం యజమాని బాలస్వామి.

సౌభాగ్యమ్మ తెచ్చింది. జీను ఇలా తగిలిందో లేదో షారోను చెవులు వెనక్కి వాల్చి, వీపు కిందికి కుంగదీసి, తోక విసిరింది. నెలరోజులుగా ఇదే వరస.

"దీనికి వయసైపోయింది. గరికపాడు ధాబావాళ్ళు నెల కింద అడిగారు, వచ్చినోళ్ళు ఫొటోలు దిగడానికి గుర్రం కావాలంట. ఇవాళ గానీ పరువు తీసిందా, రేపే పంపించేస్తా. అసలే పెళ్ళికూతురు పశువుల డాక్టరంట" అన్నాడు బాలస్వామి.

సౌభాగ్యమ్మకు విడిపోవడాలంటే పడదు. ఎవరి పెళ్ళికి వెళ్ళినా అప్పగింతల దగ్గర పిల్ల తల్లికంటే ముందు ఆమే ఏడ్చేది. పాత చీపురు పారేయాలన్నా రెండు రోజులు వాయిదా వేసేది. అలాంటి మనిషికి షారోను లేని వాకిలి ఊహకే అందలేదు.

నిజానికి ఆమె తన జాగ్రత్తలో తానుంది. నెల కిందట ఒక పెళ్ళిలో ఎవరో "అబ్బ, ఎంత తెల్లగా ఉందో!" అన్నారు. అది దిష్టేనని పక్కింటి రత్తమ్మ తేల్చి, ఒక పటిక ముక్క ఇచ్చి, నల్లగుడ్డలో చుట్టి మెడకు కట్టమంది. కానీ బాలస్వామి చర్చిలో సంఘపెద్ద. దిష్టి అన్న మాట వింటే గంటసేపు బైబిలు వాక్యం చెప్తాడు. అందుకని సౌభాగ్యమ్మ ఆ పటికను ఎవరికీ కనపడకుండా, జీను కింద పరిచే మెత్తలో ఎడమపక్క పెట్టి కుట్టేసింది. ఆ వారమే షారోను మెలికలు తిరగడం మొదలుపెట్టింది. దిష్టి మరీ గట్టిదనుకుని, ఆమె దానికి తోడు ఇంకో ముక్క పెట్టింది.

ఇప్పుడు ధాబా మాట విన్నాక, బాలస్వామి టీ తాగి వచ్చేలోపు, అన్నిటికంటే పెద్దది మూడోది పెట్టింది.

దారిలో ట్రాలీ నడిపే ఫ్రాన్సిస్ అది కడుపుబ్బరమన్నాడు. వాము నీళ్ళు పట్టించారు. బాలస్వామి నాడాలు గుచ్చుకుంటున్నాయేమోనని నాలుగు కాళ్ళూ ఎత్తి చూశాడు. సౌభాగ్యమ్మ తన మోకాళ్ళకు రాసుకునే బాం డబ్బా మొత్తం గుర్రం మోకాళ్ళకు రాసేసింది. నందిగామలో దిగేసరికి షారోను ముస్తాబులో పెళ్ళిగుర్రంలాగా, వాసనలో మందులషాపులాగా ఉంది.

పెళ్ళికొడుకు హరిచరణ్‌ని మేనమామ రాంబాబు ఎక్కించాడు. బ్యాండు మోగింది. షారోను వీపు కుంగదీసి, ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత ఇంకొకటి.

"మామయ్యా, దీనికి బ్రేకెక్కడ?" అని అరిచాడు హరిచరణ్.

"కళ్లెం లాగు!"

లాగితే ఇంకా వేగంగా వెనక్కి పోయింది. ముందున్న బ్యాండువాళ్ళు కొంతదూరం వెళ్ళి చూసుకుంటే వెనక పెళ్ళికొడుకు లేడు. వాళ్ళూ వాయిస్తూనే వెనక్కి తిరిగారు. వెనకున్న చుట్టాలు గుర్రం తొక్కుతుందని పరుగెత్తారు. చివరికి షారోను ఒక చెరుకురసం బండి పక్కన ఆగి, గిర్రున తిరిగి మంటపానికి తోక చూపించింది.

మంటపం గేటు దగ్గర నిలబడ్డ ఆడపెళ్ళివాళ్ళు ఇదంతా చూశారు. "పెళ్ళికొడుకు వెనక్కి పోతున్నాడు" అన్నారు. ఆ మాట వంటశాలకు చేరేసరికి అతను బస్టాండులో ఉన్నాడు. పెళ్ళికూతురి గదికి చేరేసరికి హైదరాబాదు బస్సెక్కాడు.

పెళ్ళికూతురు రాజ్యశ్రీ పట్టుచీరతో రోడ్డుమీదికి వచ్చేసింది. వెనకాలే ఆమె తండ్రి దశరథరామయ్య, కండువా సర్దుకుంటూ.

"హరీ, ఎక్కడికి?"

"నేనెక్కడికీ పోవట్లేదు రాజీ, ఇదే పోతోంది!"

రాజ్యశ్రీ అతన్ని వదిలేసి గుర్రం మొహం చూసింది. చెవులు చూసింది. "దిగు" అంది. పెళ్ళికొడుకు దిగాడు.

"వయసమ్మా, ముసలిదైపోయింది" అన్నాడు బాలస్వామి.

"ఉండండి తాతగారూ. కాస్త నడిపించండి."

జీనుతో నడిపిస్తే షారోను కర్రలా బిగుసుకుని చిన్నచిన్న అడుగులు వేసింది. జీను తీయించి నడిపిస్తే హాయిగా సాగింది. అప్పుడు రాజ్యశ్రీ గాజులు పైకి తోసుకుని, మెడ మొదలు నుంచి వెన్నెముకకు రెండుపక్కలా వేళ్ళతో మెల్లగా నొక్కుకుంటూ వచ్చింది. జీను కూర్చునే చోటికి రాగానే షారోను వీపు గభాలున కుంగింది. రెండో పక్కా అక్కడే.

"ఎప్పట్నుంచి ఇలా?"

"నెల" అన్నారు మొగుడూ పెళ్ళాలిద్దరూ ఒకేసారి.

"జీనులో ఏమన్నా మార్చారా?"

"లేదు" అన్నారు ఇద్దరూ, ఇంకా తొందరగా.

రాజ్యశ్రీ మెత్త తడిమి చూసి, పూలవాడి కత్తెర అడిగింది. ఊరుకుంటే పరువు దక్కుతుందేమో, షారోను దక్కదు. సౌభాగ్యమ్మ ముందుకొచ్చేసింది.

"నేనేనమ్మా. ఎడమపక్క విప్పు. దిష్టి తగిలి మాకు దూరమైపోతుందేమోనని..."

మూడు పటిక ముక్కలు రోడ్డుమీద పడ్డాయి. సౌభాగ్యమ్మ మొగుడి వాక్యం కోసం తల వంచుకుని నిలబడింది. బాలస్వామి "ఇక చాలమ్మా" అంటూ మెత్తను మడిచేయబోయాడు.

"మరి కుడిపక్క ఏంటి?" అని రాజ్యశ్రీ అటూ కత్తిరించింది. ఇటుకలో సగమంత పటిక, బాలస్వామి చర్చికి తీసుకెళ్ళే తెల్ల చేతిరుమాల్లో చుట్టి ఉంది.

అందరూ సంఘపెద్ద వైపు చూశారు.

"అది... నీళ్ళు తేరుకోడానికి" అన్నాడు.

"గుర్రంలోనా?" అంది సౌభాగ్యమ్మ.

పెళ్ళికొడుకు వైపు చుట్టంగా వచ్చిన రత్తమ్మ గుంపులోంచి తల బయటపెట్టింది. "ఇద్దరూ వేరువేరుగా వచ్చి ఎవరికీ చెప్పొద్దన్నారు వదినా. నేను చెప్పలా. మాటంటే మాటే."

"ధాబావాళ్ళు అడిగిన రోజు నుంచీ నాకు ముద్ద దిగట్లేదు" అని గొణిగాడు బాలస్వామి.

"మరి పంపించేస్తా అన్నావుగా!"

"నువ్వు వద్దంటావని చూసా. నువ్వేమో నోరెత్తవాయె."

"నేను కుట్టుకుంటున్నానయ్యా!"

రాజ్యశ్రీ నవ్వు ఆపుకోలేక గుర్రం మెడమీద వాలింది. మూడు వారాలు జీను వేయొద్దని, వేడి కాపడం పెట్టమని, తర్వాత తానే వచ్చి మళ్ళీ నొక్కి చూస్తానని చెప్పింది. వయసు సంగతి అడిగితే, "దీనికింకా చాలామంది పెళ్ళికొడుకులు బాకీ" అంది.

ఊరేగింపు మళ్ళీ కదిలింది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కాలినడకన, వాళ్ళ మధ్య ఉత్త వీపుతో షారోను. ఈసారి ముందుకే నడిచింది. అప్పగింతల వేళ సౌభాగ్యమ్మ మొదటిసారి ఏడవలేదు. బాలస్వామిని ఓదార్చడానికే సరిపోయింది.

నాలుగు ముక్కలూ ఇప్పుడు వాళ్ళింటి నీళ్ళడ్రమ్ములో ఉన్నాయి. రత్తమ్మ చెప్పినట్టే పటిక బ్రహ్మాండంగా పనిచేస్తోంది. నీళ్ళు తేటగా ఉన్నాయి.