మా ఊరి ఏడుపుకు హక్కుదారు

ఎల్లారెడ్డి బస్టాండుకు ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న మా ఊరి ప్రజలకూ, మా ఊరికి చావులకు వచ్చిపోయే బంధుమిత్రులకూ తెలియజేయడమేమనగా, ఇక్కడ రాగం తీసి ఏడవడం మీద సర్వహక్కులూ కామారెడ్డికి చెందిన శ్రీ అరుణ్‌కుమార్ గారివి. కొంగుతో కళ్ళొత్తుకోవచ్చు, ముక్కు చీదుకోవచ్చు. వాటి మీద ఇంకా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు.

ఇంత గొప్ప ఏర్పాటు మాకెలా వచ్చిందో చెబుతాను. రెండేళ్ళ కింద మా మరిది రాజయ్య పోయాడు. బోరు మోటార్లు బాగుచేసేవాడు. నేను వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, మా అమ్మ ఏడ్చినట్టే ఏడ్చాను. ఆ రాగం మా అమ్మకు తన మేనత్త దగ్గర పట్టుబడింది. మేనత్తది జుక్కల్ వైపు. పక్కింటి మరాఠీ ఆడవాళ్ళ ఏడుపు విని ఆమె రాగం చివర ఒక విరుపు కలుపుకుంది. అది నా గొంతులోకీ వచ్చింది. చావు వీడియో తీయడానికి వచ్చిన అరుణ్‌కుమార్ అది విని కరిగిపోయాడు. కరిగినవాడు కరిగినట్టే ఇంటికి పోయి, దాని కింద డీజే దరువు వేసి, ‘కన్నీటి బీట్స్’ అనే తన చానల్లో పెట్టాడు.

ఆ ఏడాది బరాతులన్నీ మా రాజయ్య మీదే నడిచాయి. ‘ఎండల నిలవెట్టి పోతివా రాజయ్యో’ అనగానే పెళ్ళికొడుకులు గుర్రం దిగి మరీ ఎగిరారు. బతికున్నప్పుడు రాజయ్యను బంతిలో ఇంకొంచెం అన్నం వేయమంటావా అని అడిగినవాడు లేడు. పోయాక జిల్లా మొత్తం వాడి పేరు మీద చెమటలు కక్కింది. వాడి భార్య మాత్రం బరాతు వస్తుంటే తలుపేసుకునేది. కళంటే గౌరవం లేని మనిషి.

కామారెడ్డిలో అరుణ్‌కుమార్‌కు సన్మానం చేశారు. శాలువా కప్పడానికి నన్నే పిలిచారు. ఆయన మైకు అందుకుని, “అంతరించిపోతున్న ఏడుపును కాపాడి భావితరాలకు అందించడమే నా జీవిత ధ్యేయం! మన పల్లె తల్లులు ఇంకెన్నాళ్ళు ఊరూ పేరూ లేకుండా ఏడ్వాలి?” అన్నాడు. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను. శాలువా ఇచ్చేశాక చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా.

తర్వాత మా పెద్దవ్వ పోయింది. చావును ఫోన్లో లైవ్ పెట్టడం మా వైపు ఇప్పుడు మామూలే. గల్ఫులో ఉన్నవాళ్ళు చూసుకోవాలి. నేను ‘ఓ పెద్దవ్వో’ అని రాగమెత్తి మూడో మాటకు రాలేదు, లైవ్ ఆగిపోయింది. ఈ పాట వేరొకరిదని యంత్రం పట్టేసిందట. పదిమందిలో నా గొంతు గుర్తుపట్టడం నా కడుపున పుట్టినవాళ్ళకే చేతకాదు. యంత్రాన్ని మెచ్చుకోవాలి.

వారం తిరగకుండా ఆ వీడియోల కంపెనీ నుంచి నోటీసు వచ్చింది. ఎల్లారెడ్డిలో కంప్యూటర్ సెంటర్ నడిపే కృపాజ్యోతి చదివి చెప్పింది. ‘సదరు రాగమును మీరు ఇంతకు పూర్వమే ఏడ్చి ఉన్నచో తగిన సాక్ష్యములు సమర్పించవలెను.’ జ్ఞాపకానికి నాకేం కొదవ లేదు. నిజాంసాగర్ గేట్లెత్తిన ఏడాది కొట్టుకుపోయిన సాయిలు, పాము కరిచిన లింగవ్వ, బొంబాయి నుంచి పెట్టెలో వచ్చిన మల్లేశు, నా పెనిమిటి... వేళ్ళు చాలక బీడీలు పేర్చి లెక్కపెట్టాను. నూట పన్నెండు మంది. చిక్కల్లా ఒక్కటే. నేను బాగా ఏడ్చానని చెప్పాల్సిన వాళ్ళు వాళ్ళే, వాళ్ళలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేని పరిస్థితిలో ఉన్నారు.

మా ఊరి వాట్సాప్ గ్రూపు అడ్మిన్ స్వామిదాసు వెంటనే ప్రకటన పెట్టాడు. ‘మన గ్రూపులో ఏడుపులు నిషేధం. ఎవరైనా ఏడ్చి పంపినచో అడ్మిన్ బాధ్యుడు కాడు.’ దానికి అరవై మంది దండాలు పెట్టారు.

ఇదంతా నవ్వుకుని ఊరుకునేదాన్నే. కానీ గౌరవ్వ మంచం పట్టింది.

గౌరవ్వా నేనూ నలభై ఏళ్ళు ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టాం. తునికాకు దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంది. ఒక్కతే కూతురు వనజ, మస్కట్‌లో ఒక ఇంట్లో పనిమనిషి. ఆ ఇంటామె సెలవివ్వదు, ఫోన్ కూడా శుక్రవారమే చేతికిస్తుంది.

“నేను పోతే నా బిడ్డ రాదు గంగమణీ,” అంది గౌరవ్వ. “దానికి నా మొఖం కనవడాలె, నీ ఏడుపు ఇనవడాలె. గంతే, ఇంకేం అడుగ.”

“నేను ఏడిస్తె వీడియో బందయితది. నీ మొఖం పోతది.”

“గదేందే? సావుకు గూడ కామారెడ్డి పోయి అడుగాల్నా?”

“అడుగాలె.”

“అయితే పో. బస్సు ఊరికెనే ఉన్నది గద ఆడోళ్ళకు.”

పోయాను. అరుణ్‌కుమార్ కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. మర్యాద తెలిసిన మనిషి.

“నేనేం జెయ్యాలె అవ్వా? రాసినోళ్ళ పేరు కాడ ఖాళీ ఇడిస్తె కంప్యూటర్ ముందటికి పోలే. నీ పేరు పెడదామంటే మెయిల్ ఐడీ అడిగింది. నీకున్నదా?”

“లేదు బిడ్డ.”

“మరి!”

న్యాయమే. గడి ఖాళీగా ఉంటే ఎవరో ఒకరు కూర్చోవాలి కదా. అయినా ఆయన పెద్దమనసుతో అనుమతి పత్రం ఇచ్చాడు. చనిపోవువారి పేరు, చనిపోవు తేదీ నింపి, వారం ముందు సమర్పించాలి.

గౌరవ్వ ఆలోచించింది. “వచ్చే శుక్రారం రాయి. వనజకు ఫోన్ దొరుకుతది.”

అనుమతి వచ్చింది. శుక్రవారం కూడా వచ్చింది. గౌరవ్వ మాత్రం పొద్దున లేచి, చేపల పులుసుతో రెండు జొన్నరొట్టెలు తిని, “ఇయ్యాల జర పానం మంచిగున్నదే” అంది. కామారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది, తేదీని ఎందుకు పాటించలేదని. నేను క్షమాపణ చెప్పుకున్నాను.

అప్పుడు కృపాజ్యోతి ఇంకో దారి చూపింది. “గా చట్టంలనే ఇంకో తీరున్నది అవ్వ. చేసినోళ్ళే రాసిస్తరు. ఎవలన్న వాడుకోండ్రి, మార్చుకోండ్రి, పంచుకోండ్రి, కానీ నా ఒక్కలదే అని మూసిపెట్టకుండ్రి అని. ప్రపంచంల సగం కంప్యూటర్లు గట్ల ఇచ్చిన వాటితోనే నడుస్తయి.”

“పెరుగుకు తోడు ఇచ్చినట్టా?”

“అచ్చం గట్లనే.”

నాకు వెంటనే ఎక్కింది. మా ఇంటి తోడుతో తొమ్మిదిళ్ళలో పెరుగు తోడుకుంటుంది. నా ముంత ఒక్కనాడూ తరగలేదు. ఇంకో సంగతీ చెప్పింది ఆ పిల్ల. అరుణ్‌కుమార్ నా ఏడుపుకు దరువు కలిపిన సాఫ్ట్‌వేర్ కూడా అలా ఎవరో మహానుభావులు ఊరికే పంచినదేనట. పాపం, ఆయనకు పంచుకోవడం కొత్తేమీ కాదన్నమాట. తీసుకునే వైపు బాగా అలవాటుంది.

నా ఏడుపు అందరిదీ అని రాసి, వేలిముద్ర వేసి ఆ కంపెనీకే పంపాం. మీ అభ్యంతరాన్ని ముప్పై పనిదినాల్లో పరిశీలిస్తామని జవాబు వచ్చింది.

“ముప్పైయా?” అంది గౌరవ్వ, ఆయాసపడుతూ. “ఆయితవారాలు లెక్కల రావా?”

“రావు.”

“అయితే కష్టమేనే.”

పన్నెండో పనిదినాన, మంగళవారం మధ్యాహ్నం, గౌరవ్వ పోయింది.

వాకిట్లో పడుకోబెట్టారు. ఫోన్ కర్రకు కట్టి లైవ్ పెట్టారు, శుక్రవారం వనజ చూసుకునేలా. నేను గౌరవ్వ కాళ్ళ దగ్గర కూర్చున్నాను. నోరు తెరిస్తే వనజకు తల్లి ముఖం ఉండదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. నూట పన్నెండు మందికి ఏడ్చిన నోరు, నలభై ఏళ్ళు ఎదురుగా కూర్చున్న మనిషికి మూతబడింది. లైవ్ మూడు గంటలు నిరాటంకంగా సాగింది. యంత్రానికి ఒక్క తప్పూ దొరకలేదు.

ఇక్కడ మా ఊరివాళ్ళను మెచ్చుకోవాలి. నాకంటే గట్టిగా చట్టాన్ని గౌరవించారు. ఎవరూ నోరు విప్పలేదు. ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఒక చుట్టం, “ఏంది, ఒక్కలన్న ఏడ్వరేంది?” అని అడిగితే, నలుగురు ఒక్కసారే “కాపీరైటు” అన్నారు. ఎంత హాయిగా అన్నారో! చావుకు పోతే ఎంతసేపు ఏడవాలో, ఎవరిని పట్టుకుని ఏడవాలో అన్న బాధ తీరిపోయింది. అందరూ ఫోన్లు చూసుకున్నారు. స్వామిదాసు ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని క్రికెట్ స్కోరు అడిగాడు.

గురువారం నేను నేరం చేశాను. దాచుకోవాల్సిందేమీ లేదు, రాయించి ఇస్తున్నాను. గౌరవ్వ కూర్చునే చోటుకు ఎదురుగా నా చాట పెట్టుకుని కూర్చున్నాను. కృపాజ్యోతి ఫోన్ పట్టుకుంది. ‘చాటల ఆకు చాటలనే ఉన్నది గౌరవ్వో, సగం కట్ట నాకిడిసి ఏడికి పోతివి గౌరవ్వో’ అని, అమ్మ రాగం, మేనత్త విరుపు, అన్నీ కలిపి పదిహేను నిమిషాలు ఏడ్చాను. ఎవరి అనుమతీ అడగలేదు. ఆ ఫైలును కృపాజ్యోతి మస్కట్‌కు పంపింది.

శుక్రవారం వనజ జవాబు వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది.

“అవ్వా, అమ్మ మొఖం సూసిన. నీ ఏడుపు ఇన్న. మల్ల మల్ల ఇన్న. ఈడ నాతోని పనిజేసే ఇద్దరు కూడ ఇన్నరు. వాళ్ళ అమ్మలు పోయినప్పుడు గూడ పోలేదట వాళ్ళు, వాళ్ళమ్మల పేర్లు వెట్టుకోని ఏడ్సిండ్రు. మంచిగున్నది అవ్వా. అమ్మకు అందరు కావలసినోళ్ళే గద. ఊరోళ్ళు గూడ నీ తీర్గనే వెనక ఏడ్సుంటరు, గవి గూడ పంపు. శుక్రారం శుక్రారం ఒక్కొక్కటి ఇంట.”

అప్పటి నుంచి ఇల్లిల్లూ తిరుగుతున్నాను. చట్టం ఒప్పుకోదవ్వా అంటున్నారు. రాగం వద్దు, వట్టి ఏడుపైనా చాలు, దాని మీద హక్కులు ఎవరివీ కావన్నాను. తీరిక లేదన్నారు. నాలుగు శుక్రవారాలు అయ్యాయి. వనజ అడుగుతూనే ఉంది. ఏం చెప్పను? అలాంటి ఏడుపు ఫైలు మా ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

మీ దగ్గరేమైనా ఉంటే పంపండి. నోటీసు వస్తే నేను చూసుకుంటాను.